స్టూలు కింద అట్టముక్క

"ఎడమవైపు ఇంకొక్క ఫొటో తీయాలమ్మా, బయట కాసేపు కూర్చోండి" అని మిషన్ దగ్గరి అమ్మాయి అనగానే ఫొటోలక్కకు ముందు నవ్వొచ్చింది. అది తన మాట మరి. ఇరవై ఆరేళ్ళుగా స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషితోనూ అనే మాట, ఇంకొక్కటి తీద్దాం, కదలకండి, గడ్డం కాస్త కిందికి. ఆ మాట ఎదుటివాళ్ళ నోట, అదీ తన గురించి, వినడం ఇదే మొదటిసారి. నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఫొటోలు తీసేవాళ్ళు ఇంకొకటి ఎందుకు తీస్తారో ఫొటోలక్కకు తెలియనిదా. మొదటిది సరిగా రాకపోతే తీస్తారు. లేదంటే అందులో ఏదో వచ్చి ఉంటే తీస్తారు. రెండు వైపులా తీసి ఒక్క ఎడమవైపే మళ్ళీ కావాలన్నారంటే కుడివైపు బాగా వచ్చిందన్నమాట, మిషన్‌లో లోపం లేదన్నమాట, ఆ అమ్మాయికి పని తెలుసన్నమాట. "సరేనమ్మా" అంది, ఎవరో పక్కింటావిడ అన్నట్టుగా. ఆస్పత్రివాళ్ళిచ్చిన లేతాకుపచ్చ గౌను ముడి బిగించుకుని, విప్పిన బట్టలున్న సంచీని ఎడమ చంకన పెట్టుకోబోయి, మానేసి, కుడి చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చింది.

హాల్లో ఇనుప కుర్చీలు నాలుగేసి ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. ఒకరు లేస్తే మిగతా ముగ్గురూ ఊగుతారు. బుధవారం కాబట్టి హాలు నిండా ఆడవాళ్ళే, బీమా కార్డు లేనివాళ్ళకు ఉచితంగా రొమ్ము పరీక్ష చేసే రోజు అది. ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ, గోడకు ఎదురుగా. ఆ గోడ మీద ఉన్నవన్నీ ఆమె తీసిన ఫొటోలే, ఇరవై మూడు, తీసిన తేదీల వరసన ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బారు. రెండేళ్ళుగా ఈ హాలుకు ఎన్నిసార్లు వచ్చిందో, మేకులు కొట్టించడానికి, ఫ్రేములు తగిలించడానికి, పెద్ద నర్సుతో మాట్లాడటానికి, ఎప్పుడూ నిలబడే ఉంది. కూర్చోవడం ఇదే మొదలు. కూర్చుంటే గోడ ఇంకోలా కనిపించింది. ఫ్రేములు కొన్ని వంకరగా ఉన్నట్టున్నాయి, వాచ్‌మన్ తుడిచేటప్పుడు కదిపి ఉంటాడు, ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోడు, పోయేముందు ఓసారి సరిచేయాలి అనుకుంది. పోయేముందు అన్న మాట తనకే వినపడి ఒళ్ళోని సంచీ సర్దుకుంది. పొద్దున వదినతో చెప్పి వచ్చిందీ అదే, ఆస్పత్రిలో ఫ్రేములు వంకరగా ఉన్నాయట, సరిచేసి గంటలో వచ్చేస్తానని. అన్న భార్య ఆమె. అన్న లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు, అందుకని స్టూడియో కౌంటరు, ఇల్లు, ఆడపడుచు, మూడూ వదిన పెత్తనమే. మధ్యాహ్నం భోజనానికి కూడా షట్టరు దించనివ్వదు, దించితే వచ్చిన మనిషి ఎదురుగా ఉన్న స్టూడియోకు పోతాడని కౌంటరు మీదే పళ్ళెం పెట్టుకుని తింటుంది. ఆ వదినతో కూడా నిజం చెప్పలేదు. చెప్తే, నువ్వు ఎప్పుడో చేయించుకున్నావు కదా, గోడ మీద ఫొటో కూడా ఉంది కదా అంటుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

చేతిలో కాగితం ఉంది. లోపలికి పంపేముందు నింపమని ఇచ్చిన ఫారం తాలూకు సగం ముక్క. పేరు, వయసు నలభై ఆరు, బీమా కార్డు నంబరు. ఆ గడిలో అడ్డగీత గీసింది. అక్కడే పెన్ను ఆగిపోయిందని, వెనక్కి వెళ్ళిపోదామనిపించిందని ఆమెకు ఎంతమంది చెప్పారో. బస్సులు కడిగే ఆమె చెప్పింది, బట్టలు కుట్టే ఆమె చెప్పింది, నెలజీతం మీద బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ కూడా చెప్పింది. అందరి మాటలూ ఫొటోలక్కే రాసింది, ఆ గడి ఖాళీగా ఉన్నా రండి అని ఫొటోల కింద అచ్చేయించింది. అదే గడి దగ్గర తన పెన్ను ఆగినప్పుడు మాత్రం, తన చేతిరాత బాగోలేదన్నట్టు కౌంటరు అమ్మాయి వైపు చూసి వెర్రినవ్వు నవ్వింది.

ఈ పని మొదలుపెట్టించింది పెద్ద నర్సు. పాస్‌పోర్టు సైజు ఫొటోలకు స్టూడియోకు వచ్చింది, కూర్చుంది, కూర్చున్నావిడ ఊరుకోకుండా ఊళ్ళో ఆడవాళ్ళందరినీ తిట్టింది. రొమ్ము బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, ఇన్ని లక్షణాలని రాసి ఎన్ని పోస్టర్లు అంటించినా ఒక్కరూ ఆగడం లేదట, తల దించుకుని వెళ్ళిపోతున్నారట, కార్డు లేనివాళ్ళయితే అది తమకు కాదనే అనుకుంటున్నారట. "బొమ్మ ముందు ఎవరు ఆగుతారండీ, తెలిసిన ముఖముంటే ఆగుతారేమో" అంది ఫొటోలక్క. అక్కడి నుంచి మొదలైంది. పరీక్ష చేయించుకున్న వాళ్ళను పిలిచి, వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఆ గంటసేపు చేతిలో ఏముందో అదే పట్టుకోమని, స్టూలు మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం, వాళ్ళ మాట వాళ్ళ నోటితోనే చెప్పించి కింద రాయడం. బస్సులు కడిగే ఆమె మడతలు పెట్టి పెట్టి పుల్లలా చేసిన టిక్కెట్టు పట్టుకుంది. కుట్టే ఆమె టేపు పట్టుకుంది. లాడ్జిలో దుప్పట్లు ఉతికే ఆమె ఉత్త చేతులు చూపించి, నాకేం లేదక్కా, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా అంటే, ఆ కొరికిన గోళ్ళనే దగ్గరగా తీసింది. అందరినీ ఒకటే అడిగేది, పిలిచేదాకా ఆ గంటలో ఏమనుకున్నారు అని. కుట్టే ఆమె, ఫ్యాను రెక్కలు నాలుగా మూడా అని చూస్తూ కూర్చున్నానంది. ఉతికే ఆమె, పంపు కట్టేసి వచ్చానా లేదా అని ఒకటే ఆలోచన అంది. ఫొటోలక్క తృప్తి పడేది కాదు. "అది కాదమ్మా, లోపల ఏమనిపించింది?" అని గుచ్చి గుచ్చి అడిగేది. వాళ్ళు పాపం నీళ్ళు నమిలి, భయమేసిందక్కా అనేవారు, అది రాసుకునేది. ఇప్పుడు తెలిసింది, లోపల అంటూ ఏమీ ఉండదు. పంపే ఉంటుంది. తను కూడా ఇందాకటి నుంచి స్టూడియో లోపలి గదిలో పెద్ద లైటు ఆపానా లేదా అని ఆలోచిస్తోంది. ఆపినట్టే గుర్తు. ఆపకపోతే బల్బు మాడుతుంది, ఆ గుడ్డ పరదా కూడా అంటుకుంటే, వదిన చూస్తుందిలే, వదిన లోపలికి ఎందుకు వెళ్తుంది.

లైటు అనుకోగానే అమ్మ గుర్తొచ్చింది. స్టూడియో నాన్నది. ఎవరినైనా కూర్చోబెట్టే ముందు నాన్న లైటు చూసుకోవాలి, దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి అమ్మ. "లైటు చూడాలి, రా" అని కేకేస్తే వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి స్టూలు మీద కూర్చునేది. నాన్న ఒకటి నొక్కేవాడు. ఆ తర్వాత అసలు మనిషి కూర్చునేవాడు. లైటు చూసిన ఫొటోలు ఎవరూ కడిగేవారు కాదు, కడిగినా చెత్తబుట్టకే. అమ్మను అలా కొన్ని వేలసార్లు తీసి ఉంటాడు, ఒక్కటి దాచలేదు. అమ్మ పోయినప్పుడు ఫొటోలక్కకు పదిహేడేళ్ళు. గడ్డ అన్నారు. ఎక్కడ అని ఎవరూ చెప్పలేదు, అడగకూడదని ఆమెకు ఎలాగో తెలిసిపోయింది, ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే ఆ చోటే అని. గోడకు పెట్టడానికి ఫొటో కోసం ఇల్లంతా వెతికితే, ఇంతమందికి ఫొటోలు తీసిన ఇంట్లో అమ్మది ఒక్కటి లేదు. చివరికి పాత నెగటివుల డబ్బాలో లైటు చూసినది ఒకటి దొరికింది. నాన్న దాన్నే పెద్దది చేశాడు, రాత్రింబవళ్ళు కూర్చుని సన్నపెన్సిల్‌తో కళ్ళ కింద నలుపు తీసేశాడు. ఆ పనిని టచింగ్ అంటారు. "మన పని ఉన్నది చూపించడం కాదమ్మా, ఉండాల్సింది చూపించడం" అన్నాడు. అమ్మ తర్వాత ఆ స్టూలు మీద లైటు కోసం కూర్చున్నది ఫొటోలక్క. నాన్న తర్వాత కూడా తనే, రిమోట్ చేతిలో పట్టుకుని, తనకు తానే నొక్కుకుని, చూసుకుని, చెరిపేసి. ఇరవై ఆరేళ్ళు.

ఎదురుగా పన్నెండో ఫ్రేములో ఉన్నది అలా లైటు చూసుకున్న తన ఫొటోనే. హాల్లో ఆడవాళ్ళు ఒకరిద్దరు అప్పుడే దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూస్తున్నారు. ఫొటోలో ఆమె తీర్చినట్టు కూర్చుని ఉంది, చేతిలో కెమెరా రిమోట్, కింద అక్షరాలు, "భయపడ్డాను. అయినా వెళ్ళాను. మీరూ వెళ్ళండి." ఆ మాటలు తనవి కావు. హాస్టల్లో వంటచేసే ఆమెవి. ఏడాది కిందట మొదటి పన్నెండు ఫొటోలతో ఈ గోడ ప్రారంభించిన రోజున చూసేసరికి, వంటామె ఉండాల్సిన చోట తన ముఖం ఉంది. పెద్ద నర్సు పక్కకు వచ్చి గుసగుసగా, "వంటామెను వాళ్ళాయన వద్దన్నాడట, నిన్న సాయంత్రం చెప్పింది, గోడ మీద ఆ చోటు ఖాళీగా ఉంటే బాగుండదని మీరిచ్చిన పెన్‌డ్రైవ్‌లో చూస్తే మీది ఉంది, పెట్టేశాను, మీరు ఎలాగూ చేయించుకునే ఉంటారు కదా" అంది. వంటామెను తీసే ముందు లైటు కోసం తీసుకున్నది, చెరపడం మర్చిపోయింది, అదీ సంగతి. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పత్రికల వాళ్ళు ఉన్నారు. ఫొటోలక్క తల ఊపింది. అవునని ఊపిందో కాదని ఊపిందో, పెద్ద నర్సు తనకు కావలసినట్టు తీసుకుంది. వచ్చే బుధవారం చేయించుకుంటే అదే నిజమవుతుంది, ఎవరికీ నష్టం లేదు అనుకుంది ఫొటోలక్క. వచ్చే బుధవారం బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫొటోలు. ఆ తర్వాతి బుధవారం వదినకు పంటినొప్పి. ఆ తర్వాత ఇంకేదో. ఊళ్ళో వాళ్ళందరికీ వెళ్ళండి వెళ్ళండి అని చెప్పే మనిషి, ఎవరైనా వెళ్ళి వచ్చామని చెప్తే ముందు వాళ్ళ ముఖంకేసి చూడలేక కెమెరా చేతిలోకి తీసుకునేది. ఏడాది పాటు తేలు కుట్టిన దొంగలా తిరిగింది.

ఇస్త్రీ ఆమె రాకపోతే ఇంకా అలాగే తిరిగేది. గోడ చివర, ఇరవై మూడో ఫ్రేములో ఉన్నది ఆమే, చేతిలో బొగ్గు మసి అంటిన గుడ్డ. మూడు వారాల కిందట స్టూడియోకు వచ్చింది. ఆమెకు చిన్నదే దొరికింది, తీసేశారు, మందులు అయిపోయాయి, జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది. స్టూలు మీద కూర్చుని, "నేను వచ్చింది మీ ఫొటో చూసేనక్కా" అంది. "మిగతావాళ్ళను చూస్తే నమ్మలేదు. డబ్బులిచ్చి కూర్చోబెట్టారేమో అనుకున్నా. ఫొటోలు తీసే ఆమే వెళ్ళిందంటే ఇందులో ఏదో ఉందని వచ్చా." ఫొటోలక్క కెమెరాలో కన్ను పెట్టి ఏదో సరిచేస్తున్నట్టు నటించింది. ఇస్త్రీ ఆమె ఊరుకుందా. "ఆ మిషన్ పలక ఆనినప్పుడు మీకెట్లా అనిపించింది? అందరూ చల్లగా ఉందని గోలపెడతారు గానీ, పొద్దంతా ఇస్త్రీపెట్టె పక్కన ఉండేదాన్ని కదా, నాకైతే ప్రాణం లేచొచ్చింది." మనిషి చావు దాకా వెళ్ళొచ్చి, చల్లగా హాయిగా ఉందని చెప్తోంది. "మీకో అక్కా?" అని మళ్ళీ అడిగింది. "నాకూ అంతే" అంది ఫొటోలక్క. ఆ రెండు మాటలు మూడు వారాలుగా అన్నం ముద్దలో రాళ్ళలా తగులుతూ వచ్చాయి. ఇవాళ పొద్దున ఆ పలక నిజంగా ఆనినప్పుడు మొదట వచ్చిన ఆలోచన కూడా అదే, ఇదిగో, చల్లగానే ఉంది, ఇక అబద్ధం తీరిపోయింది. బాకీ తీర్చేసి వెళ్ళిపోయే మనిషిలా వచ్చింది తను. ఏదో దొరుకుతుందని రాలేదు. ఒట్టు, ఆ ఊహే లేదు.

ఇస్త్రీ ఆమె ఫొటో మరీ వంకరగా ఉంది. ఇది మాత్రం ఇప్పుడే సరిచేయాలి అని లేచింది ఫొటోలక్క, పక్కన ముగ్గురూ ఊగారు. దగ్గరకు వెళ్ళి ఫ్రేము అంచు పట్టుకుంది. అంచు తిన్నగా ఉంది. పై అంచు మీద వేలు పెట్టి గోడ మీది రంగు గీతతో పోల్చి చూసింది. ఫ్రేము తిన్నగానే ఉంది. మనిషి వంకరగా ఉంది. ఇస్త్రీ ఆమె తన కుడిపక్కకు ఒరిగి కూర్చుని ఉంది, ఎవరి చెవిలోనో ఏదో చెప్పబోతున్నట్టు. అవును, పత్రికలో అలాగే రాశారు కదా, ఈ ఫొటోల్లో ఆడవాళ్ళు మనవైపు వాలి రహస్యం చెప్తున్నట్టు ఉంటారని, ఫొటోగ్రాఫరు చూపు గొప్పదని. ఆ కాగితం కత్తిరించి వదిన కౌంటరు అద్దం కింద పెట్టింది. తను కూడా కాదనలేదు, చూపు గొప్పదంటే ఎవరు కాదంటారు. తర్వాత పక్క ఫొటో చూసింది. అందులో ఆమె కూడా ఒరిగే ఉంది, కాస్త తక్కువ. దాని పక్కది, ఇంకాస్త తక్కువ. ఫొటోలక్క గోడ పట్టుకుని వెనక్కి నడిచింది, ఇరవై, పందొమ్మిది, పద్దెనిమిది, ఒక్కొక్క ఫొటోకూ మనుషులు కొంచెం కొంచెంగా లేచి నిటారుగా కూర్చుంటున్నారు. ఏడో ఫొటో దగ్గర పంతులమ్మ ఒరిగిందా లేదా అన్నంత. ఆరో ఫొటోలో బస్సులు కడిగే ఆమె స్తంభంలా ఉంది. అంతకు ముందు ఐదుగురూ అంతే. ఇన్నాళ్ళూ కంప్యూటర్లో ఒక్కొక్కటిగా చూసింది, ముఖాలు చూసింది, కళ్ళలో వెలుగు చూసింది, వరుసగా పెట్టి ఎన్నడూ చూడలేదు. ఏడు నుంచి ఇరవై మూడు దాకా అందరూ ఒకే పక్కకు, పోను పోను ఎక్కువగా. మధ్యలో ఒక్కతే తిన్నగా ఉంది. పన్నెండో ఫొటో. తను.

మొదట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. స్టూలు. ఏడాదిన్నర కిందట లైటు కోసం తీసుకున్న ఫొటోలో తను ఎడమపక్కకు ఒరిగి కనిపించింది. స్టూలు పాతది, నాన్న కాలంది, ఎడమవైపు కాళ్ళు అరిగిపోయాయనుకుంది. ఆ వైపు రెండు కాళ్ళ కిందా అట్టముక్క మడిచి పెట్టింది. మళ్ళీ తీసుకుంటే తిన్నగా వచ్చింది. అప్పుడు వదినను కూర్చోబెడితే, "నాకు మునుపే బాగుండేదే, ఇప్పుడే జారిపోతున్నట్టుంది" అంది వదిన. "నీ బరువుకు స్టూలు ఏమని చెప్తుందిలే" అని ఎగతాళి చేసింది తను, ఇద్దరూ నవ్వుకున్నారు. నాలుగు నెలలకు మళ్ళీ ఒరిగింది. ఇంకో మడత వేసింది. వేసవిలో ఇంకోటి. కర్ర అరగడానికి అంత తొందరేమిటని ఒక్కసారి, ఒక్కసారైనా అనుకోలేదు. ఎడమ చంకలో బరువుగా ఉండేది, నొప్పి కాదు, ఎవరో అక్కడ ఉండచుట్టిన చేతిరుమాలు పెట్టి మర్చిపోయినట్టు. కెమెరా సంచీ పట్టీ అనుకుంది. సంచీని కుడి భుజానికి మార్చింది. స్నానం చేసేటప్పుడు చెయ్యి అటు పోనివ్వలేదు. పోనివ్వలేదని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు సబ్బు తొందరగా అయిపోతోందని, నీళ్ళు చల్లారిపోతున్నాయని ఏదో ఒకటి ఉండేది. ఒంట్లో ఉన్న లోపాన్ని స్టూలుకు అంటగట్టింది. తను తిన్నగా పడేలా స్టూలు వంచి, ఆ వంచిన స్టూలు మీద ఏ లోపమూ లేని వాళ్ళను, లోపం తీయించుకుని బతికొచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, అందరినీ వంకరగా తీసింది. తన ఒంట్లో ఏం పెరుగుతోందో, ఎంతెంత పెరిగిందో, తేదీల వారీగా తనే ఫ్రేములు కట్టించి గోడకు కొట్టించింది. పత్రికలో కూడా వేశారు.

ఆమె గోడకు ఆనుకుంది. అమ్మ ఫొటో కళ్ళ ముందుకు వచ్చింది, వద్దనుకున్నా వచ్చింది. ఇంట్లో గోడ మీద ముప్పై ఏళ్ళుగా చూస్తున్న ఫొటో, తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని తిన్నగా కూర్చున్న అమ్మ, వెనక పరదా. ఆ పరదా కుచ్చులు ఏటవాలుగా ఉంటాయి. పరదా వంకరగా ఎందుకుంది నాన్నా అని అడిగింది అప్పట్లో. గాలికి అన్నాడు నాన్న. కిటికీ లేని గదిలో గాలి ఎక్కడిది. పెద్దది చేసేటప్పుడు కాగితం తిప్పి ఉంటాడు. అమ్మ తిన్నగా రావాలని తిప్పి ఉంటాడు, పరదా వంగింది. ముప్పై ఏళ్ళు ఆ ఫొటో కింద నుంచి నడిచింది తను, రోజూ దుమ్ము తుడిచింది, చూపు గొప్పదని పేరు కూడా తెచ్చుకుంది. ఏడుపు రాలేదు. ఎవరో చెంప మీద కొట్టి, ఎందుకు కొట్టారో చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా నిలబడి ఉంది. హాల్లో పక్క వరసలో కూర్చున్న ముసలామె, "ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా, ఆ ఫొటోలో ఉన్నది నువ్వే కదూ" అంది. "నేనే పెద్దమ్మా" అంది ఫొటోలక్క. "నువ్వు వెళ్ళావనే నేనూ వచ్చా" అంది ముసలామె, మెప్పు కోసం చూస్తున్న పిల్లలా. ఫొటోలక్క ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యి చల్లగా ఉందో తెలియలేదు.

పిలిచారు. పలక మళ్ళీ ఆనింది, ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. మళ్ళీ ఇంకొకటి తీద్దామని ఆ అమ్మాయి అనలేదు. తను ఆశించిన ఫొటో వచ్చిన మనిషి ఎలా మాట్లాడకుండా ఉంటుందో ఫొటోలక్కకు బాగా తెలుసు. డాక్టరమ్మ గదిలో పెద్ద నర్సు కూడా ఉంది, గోడవైపు చూస్తోంది, ఈమె వైపు చూడటం లేదు. ఆమెకూ ఇవాళే తెలిసినట్టుంది, రిజిస్టరులో ఈ పేరు ఇంతకు ముందు లేదని. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇస్త్రీ నలగని తెల్లకోటు. తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. బూడిదరంగు వెలుగులో సన్నటి దారాలు, కుడివైపంతా అల్లికలా ఉంది, ఎడమవైపు ఒకచోట దారాలన్నీ గుంజి పట్టినట్టు తెల్లగా ఒక ముద్ద. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడ వెలుగు దాటలేదో చూడటమే కదా తన బతుకు.

"సూది పరీక్ష చేస్తే గానీ పేరు పెట్టలేమండీ, అది ఇవాళే చేద్దాం. కానీ చూడటానికి నాకు అనుమానంగానే ఉంది, మీ దగ్గర దాచను" అంది డాక్టరమ్మ. "చంకలో బరువుగా ఏమైనా ఉంటోందా?"

"కెమెరా సంచీ" అని మొదలుపెట్టి ఆగింది ఫొటోలక్క. "ఉంది. ఏడాదిన్నర నుంచి."

"అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"మీ గోడ మీద ఉంది. ఏడో ఫొటో నుంచి."

డాక్టరమ్మకు అర్థం కాలేదు, మాట తడబడిందనుకుని మెల్లగా చెప్పుకుపోయింది. చేయాల్సింది చాలా ఉందట, చేయగలిగింది కూడా చాలా ఉందట, ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే వేరే సంగతి, ఇక ఒక్క రోజు కూడా వాయిదా వద్దంది. కార్డు లేదని ఫొటోలక్క అనబోతే పెద్ద నర్సు అప్పటికి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కార్డు లేకపోయినా రండి అని నాతో అచ్చేయించింది మీరే కదండీ. ఆ దారంతా మీకు నోటికొచ్చు. ఇరవై రెండు మందికి చెప్పారు" అంది. అని, కోపం ఆపుకోలేక, "నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? మొదటి బుధవారమే నేను పక్కన నిలబడేదాన్ని కదా" అంది.

"మీ వెంట ఎవరైనా వచ్చారా?" అంది డాక్టరమ్మ. ఈ మాట కూడా ఫొటోలక్కకు తెలుసు. ఇస్త్రీ ఆమె చెప్పింది, ఆ మాట వినగానే అయిపోయింది అనుకున్నానక్కా అని. ఆ వాక్యాన్ని బాగుందని లావుపాటి అక్షరాల్లో వేయించింది తను. అప్పుడు లోపల ఏమనిపించిందని గుచ్చి అడిగింది కూడా. ఇప్పుడు తనను అడిగేవాళ్ళు ఎవరూ లేరు, అదే నయం. "వస్తారు" అని చెప్పి బయటకు వచ్చి, హాలు చివర కిటికీ దగ్గర నిలబడి ఫోను చేసింది.

"ఎంతసేపమ్మా ఫ్రేములు సరిచేయడం" అంది వదిన అందుకోగానే. "ఇక్కడ ఇద్దరు కూర్చున్నారు నీ కోసం. లోపల ఆ పెద్ద లైటు ఆపకుండా పోయావు, నేను చూసి ఆపాను."

"వదినా, స్టూలు కింద అట్టముక్కలున్నాయి చూడు. అవి తీసెయ్యి."

"ఇప్పుడా? తీస్తే నువ్వు మళ్ళీ వంకరగా పడతానని గోలపెడతావు."

"పడనివ్వు. వచ్చాక నన్నో ఫొటో తియ్యి, అట్ట లేకుండా. ఎలా ఉంటే అలా పడాలి. ఇక్కడ గోడ మీద ఉన్నది తీయించేస్తున్నా."

"ఏమైందే నీకు?"

ఫొటోలక్క ఇరవై మూడు ఫ్రేముల వైపు చూసింది. ముసలామె నంబరు పిలిచారు, ఆమె లేస్తూ ఇటు తిరిగి నవ్వింది, పక్క కుర్చీల వాళ్ళంతా ఊగారు.

"స్టూల్లో ఏ లోపమూ లేదు వదినా" అంది ఫొటోలక్క. "నువ్వు అప్పుడే చెప్పావు."

ఫొటోలక్క ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని వింది. కౌంటరు బల్ల జరిగిన చప్పుడు. కూర్చున్న ఇద్దరితో వదిన, "రేపు రండి బాబూ, ఇవాళ లేదు" అనడం. తర్వాత, మిట్ట మధ్యాహ్నం, ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ ఆ వేళకు వినని చప్పుడు, స్టూడియో షట్టరు పై నుంచి కింది దాకా దిగింది.